అంబ్రోజ్ క్రేన్ అయ్యగారు అన్న మాట

...ఆగమ్మా మనవరాలా, అక్కడే ఆగు. ‘కసాయి పాదిరి’ అని రాసేశావా? కొట్టెయ్. ఊరంతా అలాగే అంటారని నాకు తెలుసు. సంతలో పిల్లలు కూడా అంటారు. అందుకే కదా నిన్ను పని మాన్పించి మరీ కూచోబెట్టుకున్నాను. అంబ్రోజ్ క్రేన్ అయ్యగారు అని రాయి. అయ్యగారు అన్న మాట మాత్రం ఎక్కడా వదలకు.

కథ మాత్రం ఆయనది కాదు, మా అమ్మది. మీ తాతమ్మ. మా అమ్మ, మా అమ్మ అంటూ చెప్తే కథ ముందుకి సాగదు. పేరు పెట్టే చెప్తాను. డామరిస్ అని రాసుకో. నేను మెల్లగానే చెప్తాను, నువ్వూ మెల్లగానే రాయి.

కోల్డన్‌లో డామరిస్‌ని ‘గీతల డామరిస్’ అనేవారు. హంఫ్రీ అనే నేతగాడి పెళ్ళాం. ఆమె మేనమామ ఒకడు లండన్‌లో కోర్టు గుమాస్తాగా చేసి, చూపు పోయి ఊరికి తిరిగొచ్చాడు. ఆయన పొయ్యి దగ్గర కూచుని ఆమెకి పొట్టిరాత నేర్పాడు. మనిషి మాట్లాడుతుంటే ఆ వేగాన్నే రాసుకుపోయే రాత అది. అందులో అక్షరాలకి గీతలున్నాయి గానీ గుణింతానికి చుక్కలే. చుక్క గీత పక్కన పెడితే ఒకలా పలుకుతుంది, నెత్తిన పెడితే ఇంకోలా, కింద పెడితే మరోలా. ప్రసంగం జోరందుకున్నాక చుక్కలు పెట్టే తీరిక ఎవరికీ ఉండదు. గీతలు మాత్రం లాగేసి, ఇంటికెళ్ళాక, మాట ఇంకా చెవిలో ఉండగానే చుక్కలు పెట్టుకోవాలి. ఆదివారం మధ్యాహ్నం డామరిస్ పని అదే. వారంలో మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి అయ్యగారి ప్రసంగం చదివి వినిపించేది. దగ్గొచ్చిన చోట దగ్గు కూడా గుర్తు పెట్టుకునేదని నవ్వేవారు.

క్రేన్ అయ్యగారు గాలొస్తే వంగిపోయేంత బక్క మనిషి. భార్య పోయింది, ఒక్క కూతురు. గొంతు పెద్దది కాదు. ప్రసంగ వేదిక మీద ఇసుక గడియారం పెట్టుకుని, ఒక గంట ఇసుక జారిపోతే తిరగేసి రెండో గంట మొదలుపెట్టేవాడు. జనం కదిలేవారు కాదు.

అప్పటికి యుద్ధం మూడో ఏట పడింది. రాజు ఒక వైపు, పార్లమెంటు ఒక వైపు. దేవుడు మా వైపే అని ఇద్దరూ అనేవారు. ఇద్దరికీ అచ్చు కొట్లున్నాయి. ఈ ఆదివారం ఒక ఊళ్ళో చెప్పిన ప్రసంగం పై నెలకల్లా దేశంలో ఇంకో మూల సిపాయిల భుజం సంచుల్లో తేలేది.

ఆ ఏడు వసంతం మొదట్లో రాజు దండు మా ఊరి మీద పడింది. మిల్లు వీధిలో పదకొండు ఇళ్ళు తగలబెట్టారు. ఆలిస్ హ్యాడన్ అనే ముసలమ్మ మంచం మీద నుంచి లేవలేక అందులోనే పోయింది. తిరిగి పోయేటప్పుడు వాళ్ళ గుర్రాలు ఏరు దాటాయి గానీ కాలిబంట్లు బురదలో దిగబడిపోయారు. ఊరి జనం కర్రలూ గడ్డపారలూ పట్టుకుని పద్ధెనిమిది మందిని పట్టుకున్నారు. తెచ్చి ఉన్ని కొట్టులో వేసి తలుపు వేశారు. ఆ పద్ధెనిమిది మందిలో డామరిస్ తమ్ముడు జెర్విస్ ఉన్నాడు. పొరుగూరి జమీందారు దగ్గర గుర్రాలు చూసుకునేవాడు. దొర రాజు వైపు పోతే గుర్రాలు పోయాయి, గుర్రాల వెంట వీడూ పోయాడు.

శనివారం నాటికి ఊళ్ళో ఒకటే మాట. ఆదివారం ప్రార్థన కాగానే పద్ధెనిమిది మందినీ ఉరి తీసెయ్యాలి. అయ్యగారు ఒప్పుకుంటే చాలు.

ఆదివారం గుడి నిండిపోయింది. తోళ్ళు శుద్ధి చేసే బార్నబీ ఏ ప్రసంగంలోనైనా గురక పెట్టే మనిషి. ఆ రోజు ఒళ్ళో తాడు చుట్ట పెట్టుకుని కళ్ళు తెరుచుకుని కూచున్నాడు. డామరిస్ మోకాలి మీద పుస్తకం, నడుముకి సిరాబుడ్డి. గీతలు లాగుతోంది.

అయ్యగారు మొదటి గంటంతా కోపమే చెప్పాడు. కాలిపోయిన ఇళ్ళవాళ్ళ పేర్లు ఒక్కొక్కటీ చదివాడు. ఆలిస్ హ్యాడన్ ఏ పాట పాడుకుంటూ నూలు వడికేదో చెప్పాడు. ఆడవాళ్ళు ఏడ్చారు, మగవాళ్ళు బల్లలు గుద్దారు. జెర్విస్ పని అయిపోయిందనుకుంది డామరిస్. అయినా రాస్తూనే ఉంది. అప్పుడు ఆయన గడియారం తిరగేశాడు. అందరూ ఇంకో గంట ఉందనుకున్నారు.

“ఈ గొర్రెలు ఇప్పుడు మన దొడ్లో ఉన్నాయి,” అన్నాడు. “దొంగ గొర్రెలే, నేను కాదనను. మన పైరు తొక్కినవే. గొర్రెల్ని ఏం చెయ్యాలో మన కాపరి ఎప్పుడో చెప్పేశాడు. నేను కొత్తగా చెప్పేదేమీ లేదు.”

ఆగాడు.

“కాయండి,” అన్నాడు.

మళ్ళీ, “కాయండి,” అన్నాడు.

మూడోసారి గొంతు రాలేదు. పెదవులు మాత్రం కదిలాయి. డామరిస్ ఆ మూడోదీ రాసుకుంది. ఆయన వేదిక దిగి వెళ్ళిపోయాడు, ఇసుక ఇంకా పోతూనే ఉంది.

చాలాసేపు ఎవరూ లేవలేదు. చివరికి బార్నబీ తాడు చుట్ట భుజాన వేసుకుని, “మా బావికి చేద తాడు తెగిపోయింది లెండి, దానికి పనికొస్తుంది,” అన్నాడు. ఎవరో ముక్కుతో నవ్వారు. అంతే, ఉరి మాట పోయింది.

ఆ మధ్యాహ్నం డామరిస్ చుక్కలు పెట్టుకోలేదు. పద్ధెనిమిది మందికి రొట్టె కాల్చాలి కదా. పక్కింటివాళ్ళు బార్లీ పిండి తెచ్చిచ్చారు, ఇల్లు కాలినావిడ కూడా దోసెడు తెచ్చింది. సాయంత్రం గంపతో ఉన్ని కొట్టుకి వెళ్ళి, పలకల సందులోంచి తమ్ముణ్ణి పిలిచింది.

“ఏంటక్కా, మీ అయ్యగారు ఇవాళ తొందరగా వదిలేశాడే,” అన్నాడు జెర్విస్. “గడియారం పగిలిందా ఏంటి?”

“నోర్ముయ్యి. నీ మెడ మీద తలకాయ ఉందంటే ఆయన చలవే.”

“ఆ తలకాయకి ఆకలేస్తోంది మరి. ఇంతేనా రొట్టె?”

“అందరికీ తెచ్చాను. నీ ఒక్కడికీ అనుకున్నావా? ఇళ్ళు తగలబెట్టొచ్చి ఇంకా వంకలు పెడతావేంటిరా?”

వాడు సందు దగ్గర మొహం పక్కకి తిప్పుకున్నాడు. తర్వాత, “నేను గుర్రాలే పట్టుకున్నానక్కా,” అన్నాడు.

“ఆలిస్ హ్యాడన్ ఇంటి ముందు పట్టుకున్నావురా,” అని గంప తలుపు దగ్గర కాపలావాళ్ళకి అందించేసి వచ్చేసింది.

మర్నాడు పొద్దున్నే లండన్ నుంచి వచ్చిన మనిషి ఒకడు తలుపు తట్టాడు. సిల్వెస్టర్ అని, ఒక అచ్చు కొట్టు తరఫున ఊరూరా తిరిగి ప్రసంగాలు పోగుచేసేవాడు. ఆదివారం ప్రసంగానికి గుడంతా ఏడ్చిందని మాత్రం సత్రంలో విన్నాడట.

“రేపటికి మామూలు రాతలో ఎత్తి రాసిస్తానండి,” అంది డామరిస్.

“రేపటిదాకా బండి ఆగదమ్మా. నాక్కూడా ఈ గీతలు వచ్చు. ఉన్నవి ఉన్నట్టు దించుకుంటాను. మా కొట్టులో వీటిని చదివి అక్షరాలు పేర్చేవాడున్నాడు.”

“నిన్న చుక్కలు పెట్టలేదండి.”

“అర్థాన్ని బట్టి తెలిసిపోదా ఏంటి? మావాడు పదేళ్ళ నుంచీ ప్రసంగాలే పేరుస్తున్నాడు. పైగా ఇది ఒక భక్తురాలి చేతిరాత అని మొదటి పేజీలోనే వేయిస్తాం.”

ఆ మాటకే పడిపోయింది. దాచుకోవడం దేనికి, మా అమ్మకి ఆ ఒక్క ఆశ ఉండేది. పుస్తకం అతని ముందు పెట్టింది. అతను గంటసేపు కూచుని గీతలు దించుకుని బండెక్కాడు. ఆ తర్వాత చుక్కల సంగతి ఆమే పట్టించుకోలేదు. ఊరందరూ చెవులారా విన్న మాట, దానికి చుక్క దేనికి అనుకుంది.

ఆరు వారాలు గడిచాయి. చెరలో ఉన్నవాళ్ళు ఊరికి అలవాటైపోయారు. పగలు ఇద్దరేసి బయటికి తెచ్చి ఉన్ని ఏకించేవారు. కాలిన ఇళ్ళకి గడ్డి కప్పడానికి పంపేవారు. వాళ్ళలో ఒకడు, సైమన్ అని, ఆలిస్ హ్యాడన్ కొడుకు ఇంటి మీదే గడ్డి కప్పాడు. కింద నుంచి ఆ కొడుకు, “సరిగ్గా కప్పరా, తగలబెట్టినంత తేలిక కాదు,” అని తిట్టేవాడు. మధ్యాహ్నం వాడికే బీరు గిన్నె అందించేవాడు.

అలాంటి ఒక సోమవారం మూటవాడు వచ్చాడు. సూదులూ దారాలూ పరిచి, పక్కన చిన్న చిన్న అచ్చు పుస్తకాలు పెట్టాడు.

“మీ ఊరు పెద్ద ఊరైపోయిందమ్మోయ్,” అన్నాడు. “‘కోల్డన్ బోధకుని గర్జన’ అని పుస్తకం. దారి పొడుగునా సిపాయిలు దీన్నే అడుగుతున్నారు. ఇవి ఆఖరి రెండూ.”

డామరిస్ ఒకటి తీసుకుని మగ్గం పక్కన నిలబడే చదివింది. మొదటి పేజీలో భక్తురాలి చేతిరాత అని నిజంగానే ఉంది. కాలిన ఇళ్ళు, ఆలిస్ హ్యాడన్ పాట, అన్నీ మాట పొల్లుపోకుండా ఉన్నాయి. మురిసిపోతూ ఆఖరి పేజీ తిప్పింది. ‘గొర్రెల్ని ఏం చెయ్యాలో మన కాపరి ఎప్పుడో చెప్పేశాడు.’ దాని కింద పెద్ద అక్షరాల్లో మూడుసార్లు:

కోయండి. కోయండి. కోయండి.

రెండు మాటలకీ గీతలు ఒకటే. చుక్క పక్కన ఉంటే కాయడం, నెత్తిన ఉంటే కోయడం. అక్షరాలు పేర్చేవాడు గంటసేపు కోపం పేర్చి పేర్చి చివరికి ఆ గీత దగ్గరికొచ్చాడు. పదేళ్ళుగా వాడు పేరుస్తున్నవన్నీ నరకండి, చంపండి అనే ప్రసంగాలే. వాడికి అర్థాన్ని బట్టి తెలిసిపోయింది.

ఆ పుస్తకం శాలువా కింద పెట్టుకుని అయ్యగారి దగ్గరికి పరిగెత్తింది. ఆయన పెరట్లో ఉల్లిమడిలో కలుపు తీస్తున్నాడు. రెండో పుస్తకం ఆయన పక్కనే మట్టిలో ఉంది.

“చూశావా తల్లీ, నేను అనని మాట నాకే అమ్మిపోయాడు,” అన్నాడు. నవ్వబోయాడు గానీ రాలేదు. “లండన్‌కి ఉత్తరం రాస్తాను. దిద్దుబాటు వేస్తారో లేదో. ఇది మాత్రం దారంతా పాకిపోయింది.” చేతులు దులుపుకుని లేచాడు. “నీ పుస్తకంలో సరిగ్గానే ఉంది కదా?”

ఉన్నదున్నట్టు చెప్పాల్సిన చోటు అదే. అయ్యగారూ, నేను చుక్కే పెట్టలేదు అనాలి. ఆయన తిట్టే మనిషి కూడా కాదు. కానీ ఆమెకి సిగ్గు అడ్డొచ్చింది. ఇన్నేళ్ళు ఆయన మాటని మోసిన మనిషిగా ఊళ్ళో ఆమెకో పేరుంది.

“ఉందండి,” అంది.

“అయితే పర్లేదు. ఎవరొచ్చి అడిగినా నీ పుస్తకం చూడమంటాను.”

ఇంటికొచ్చి హంఫ్రీకి చెప్పింది. ఆయన మగ్గం ఆపకుండా విన్నాడు.

“పెట్టెయ్యి,” అన్నాడు. “అబద్ధం కాదుగా. ఆయన అన్నది అదేగా.”

“ఆ రోజు పెట్టాల్సింది.”

“ఆ రోజు రొట్టెలు కాల్చావు. దేవుడికి తెలీదా? మూడు చుక్కలే, ఈగ రెట్టంత ఉండవు.”

మంగళవారం కలం తీసింది, పెట్టేసింది. బుధవారం తీసింది, మళ్ళీ పెట్టేసింది. ఆదివారం నాడు గుళ్ళో రాసుకున్నదాని మీద ఇంకో రోజు చెయ్యి వెయ్యడం ఆమెకి దొంగతనంలా ఉండేది. మేనమామ నేర్పిన మొదటి సంగతి అదే. విన్న రోజు పెట్టనిది ఇంక పెట్టకూడదు, ఖాళీగా వదిలెయ్యాలి.

గురువారం పొద్దున ఏటి వైపు నుంచి తప్పెట్లు వినిపించాయి. పార్లమెంటు దండు, మన వైపువాళ్ళే. ఊళ్ళోవాళ్ళు వాకిళ్ళలోకి వచ్చి చూశారు. సిపాయిలు పాడుకుంటూ వస్తున్నారు. పాటలో మాట దగ్గరయ్యేకొద్దీ తెలిసింది: కోయండి, కోయండి.

డామరిస్ లోపలికెళ్ళి కలం ముంచి, మూడు గీతల పక్కనా మూడు చుక్కలు పెట్టింది. ఊది ఆరబెట్టింది.

ఆ దండు నాయకుడు స్ట్రోడ్ అని ఒక కెప్టెను. రాక్షసుడేం కాదు. పదిహేను రోజుల కిందట రాజు దండు అతని మనుషుల్ని, లొంగిపోయినవాళ్ళని, ముప్ఫై మందిని నరికేసింది. అతని సొంత అన్నకొడుకు అందులో ఉన్నాడు. గుడి వాకిట్లో అయ్యగారి ఎదురుగా నిలబడి టోపీ తీసి మరీ మాట్లాడాడు.

“మీ దగ్గర పద్ధెనిమిది మంది ఉన్నారని మావాళ్ళకి తెలుసండి. వాళ్ళు అడుగుతున్నారు. మీ ప్రసంగమే చూపించి అడుగుతున్నారు.”

“నేను ఆ మాట అనలేదు,” అన్నాడు అయ్యగారు. “కాయమన్నాను.”

“అచ్చులో ఉంది కదండీ.”

“అచ్చు తప్పు. ఊరందర్నీ అడగండి.”

“ఊళ్ళోవాళ్ళు ఇప్పుడు మెత్తబడిపోయారు. వాళ్ళతో ఇళ్ళు కప్పించుకుంటున్నారు. వాళ్ళ మాట మావాళ్ళు వినరు.” కెప్టెను గొంతు తగ్గించాడు. “అయ్యగారూ, నాకూ ఇష్టం లేదు. దేవుని మాట అడ్డం ఉందని చూపించండి, మావాళ్ళని ఆపుతాను. లేదంటే నావల్ల కాదు.”

అయ్యగారి ముఖం వెలిగింది. “ఉంది. చెప్పిన రోజున చెప్పినట్టే రాసుకున్న పుస్తకం ఉంది. డామరిస్, తీసుకురామ్మా.”

ఆమె తెచ్చింది. కెప్టెను దగ్గర రాతకోతలు చూసే సిపాయి ఒకడు, కళ్ళద్దాల మనిషి, ముందుకొచ్చాడు. వాడికి పొట్టిరాత వచ్చు. పుస్తకం అరుగు మీద పెట్టి మెల్లగా చదివాడు. జనం, సిపాయిలు, అందరూ చుట్టూ నిలబడ్డారు.

“కాయండి అనే ఉందండి,” అన్నాడు.

బార్నబీ గట్టిగా ఊపిరి వదిలాడు. కెప్టెను తలాడించాడు. అప్పుడా కళ్ళద్దాలవాడు పేజీ ఎత్తి వెలుతురుకి పెట్టాడు.

“కానీ దొరా, ఈ పేజీ మొత్తం మీద ఇంకెక్కడా చుక్కల్లేవు. వెనక పేజీలోనూ లేవు. ఈ మాటకే ఉన్నాయి, మూడు చోట్లా. గీతల సిరా ముదిరి నల్లబడింది. చుక్కలు ఇంకా లేతగా ఉన్నాయి. ఇవి ఇవాళ పెట్టినవి.” వేలితో రుద్ది చూపించాడు. వేలికి కొంచెం అంటింది.

అయ్యగారు డామరిస్ వైపు చూశాడు. ఆయనకి మొత్తం తెలిసిపోయిందని ఆమెకి తెలిసింది. ఆమె నోరు తెరిచింది. పెట్టడం మర్చిపోయానండి, భయపడి ఇవాళ పెట్టాను, అయినా మాట నిజం, అంతే చెప్పాలి. అది చెప్పుంటే ఏమయ్యేదో, నమ్మేవారో లేదో, ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. ఆమె మాత్రం చెప్పలేదు.

“ఎవరు పెట్టించారమ్మా ఇవి?” అన్నాడు కెప్టెను. అతని గొంతు మారిపోయింది. “దేవుని ప్రసంగాన్ని దిద్దడం చిన్న నేరం కాదు.”

“పెట్టమన్నది నేనే,” అన్నాడు అయ్యగారు.

బతుకులో ఒక్క అబద్ధం ఆడని మనిషి. ఆ మాట మెల్లగా అన్నాడు.

కెప్టెను ఆయన్ని చాలాసేపు చూశాడు. “అయితే మొదట అన్నదే మీ మనసులో మాట. ఇది తర్వాత పుట్టిన భయం,” అని టోపీ పెట్టుకున్నాడు.

అయ్యగారు ఉన్ని కొట్టు తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. పక్కన బార్నబీ, ఆలిస్ హ్యాడన్ కొడుకు నిలబడ్డారు. సిపాయిలు ముగ్గుర్నీ తుపాకి మడమలతో కొట్టి పక్కకి లాగేశారు. డామరిస్ వెనక వైపు పలకల సందు దగ్గరికి వెళ్ళింది. లోపల వాళ్ళకి ఇంకా సంగతి తెలీదు.

“అక్కా, మమ్మల్ని ఎక్కడికో మారుస్తున్నారంట,” అన్నాడు జెర్విస్. “నా రెండో చొక్కా ఉతికావా?”

“ఉతికాను. ఆరలేదు,” అంది.

“పర్లేదు, తడిదే ఇచ్చెయ్యి. దార్లో ఆరుద్ది.”

ఆమె ఇంటికెళ్ళి చొక్కా తెచ్చేసరికి తలుపు తెరిచి ఉంది, కొట్టు ఖాళీగా ఉంది. ఏటి పక్క మైదానంలో అయిపోయింది. అక్కడేం జరిగిందో నేను చెప్పను, నువ్వు రాయొద్దు. పద్ధెనిమిది మందీ పోయారు. సైమన్ కప్పిన గడ్డి ఇంకా పచ్చగా ఉంది.

దండు ఆ మధ్యాహ్నమే వెళ్ళిపోయింది. వెళ్ళిన ప్రతి ఊళ్ళోనూ కోల్డన్ పాదిరి సంగతి చెప్పుకుంటూ పోయింది. కోయమని చెప్పినవాడు, తర్వాత వెనక్కి లాగబోయి పట్టుబడినవాడు. మన వైపువాళ్ళు పిరికివాడన్నారు. రాజు వైపువాళ్ళు కసాయి అన్నారు. లండన్‌వాళ్ళు దిద్దుబాటు వెయ్యలేదు సరిగదా, అదే పుస్తకం మళ్ళీ అచ్చేశారు.

డామరిస్ ఒకసారి ఆయన దగ్గరికి వెళ్ళింది. అందరి ముందూ చెప్పేస్తానండి అంది. ఆయన మంచం మీద ఉన్నాడు, ఆ దెబ్బకి పక్కటెముకలు విరిగి ఊపిరి సరిగ్గా ఆడేది కాదు.

“ఏం చెప్తావు తల్లీ? ఒక సిపాయి వింటాడా? నిన్ను ఊళ్ళో ఉండనివ్వరు, అంతే. కడుపుతో ఉన్నావు,” అన్నాడు. ఆ కడుపులో ఉన్నది నేనే. “ఒక్కటి అడుగుతాను. ఆ మూడోది నువ్వు విన్నావా? నాకు గొంతు రాలేదు ఆ రోజు.”

“పెదవులు చూశానండి.”

“అయితే చాలు,” అన్నాడు.

ఆమె ఊరుకుంది. మొదట్లో ఆయన వద్దన్నాడు కాబట్టి ఊరుకుంది. తర్వాత ఆయన పోయాడు కాబట్టి ఊరుకుంది. యుద్ధంలో ఓడిన రాజుగారి కొడుకు తిరిగొచ్చి గద్దెనెక్కిన ఏడు, రాజు వైపువాళ్ళు కొందరొచ్చి ఆయన సమాధి రాయి పగలగొడుతుంటే కిటికీలోంచి చూస్తూ కూడా ఊరుకుంది. కలం ముట్టుకోలేదు. ఆ పుస్తకం పొయ్యిలో పెట్టేసింది. నాకు అక్షరాలు నేర్పమని నాన్న అడిగితే, వీడు చేతులతో బతుకుతాడులే అంది. పోయేముందు రెండు రోజులు నా చెయ్యి పట్టుకుని ఇదంతా చెప్పింది, నేను నీకు చెప్పినంత నెమ్మదిగా చెప్పింది. ఎవరికైనా చెప్పరా అంది. నేనూ ముప్ఫై ఏళ్ళు ఊరుకున్నాను. తల్లి పేరు కదా అనుకున్నాను.

మొన్న ఉన్ని బండివాడు వచ్చాడు చూడు, వాడు చెప్పాడు. అయ్యగారి కూతురు టమసిన్ ఇంకా బతికే ఉందట. అప్పట్లో పిన్నమ్మ వచ్చి తీసుకుపోయింది. లడ్లో ఊళ్ళో మేజోళ్ళు అల్లుకుని బతుకుతోందట. తండ్రి పేరు చెప్పుకోదట, తల్లి ఇంటిపేరే చెప్తుందట. మీ నాన్న ఎవరమ్మా అని బండివాడు అడిగితే, ఆ మనిషి మాట ఎత్తకు అందట.

వచ్చే వారం మీ మామయ్య లడ్లో సంతకి వెళ్తున్నాడు, నువ్వూ బండెక్కు. ఈ కాగితం ఆవిడ చేతికి ఇచ్చెయ్యకు, అచ్చు కొట్టు మొహం చూపించకు. ఎదురుగా కూచుని నువ్వే చదివి వినిపించు. చెవుడట, గట్టిగా చదువు. మధ్యలో పొమ్మంటే పోకు, చదువుతూనే ఉండు. ‘పెట్టమన్నది నేనే’ అన్న చోటికి వచ్చాక ఆగి, ఆవిడకి వినపడిందో లేదో చూసుకో. వినపడలేదంటే మళ్ళీ చదువు.